కాంబర్ ఇసుకలో పిల్లలతో ఒక రోజు

ఇంగ్లండ్‌లో బడులకు వేసవి సెలవులు. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటారు. ఆదివారం కాస్త ఎండ కాస్తే చాలు, ఇంట్లో పిల్లలు మొదలుపెడతారు, సముద్రానికి పోదామని. లండన్లోనూ ఆ చుట్టుపక్కలా ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం ఈ రోజు కాంబర్ శాండ్స్ గురించి చెబుతాను.

లండన్ నుంచి చాలామంది ముందు వెళ్లేది బ్రైటన్‌కు. ఊరు బాగుంటుంది, కానీ ఒడ్డంతా గులకరాళ్లు. పసిపిల్లలు నడవలేరు, పెద్దవాళ్లు కూర్చోలేరు, ఇసుక గూళ్లు కట్టే ప్రశ్నే లేదు. ఈస్ట్ ససెక్స్ తీరంలో, రై అనే పాత పట్నానికి పక్కనే ఉన్న కాంబర్ అలా కాదు. మెత్తటి ఇసుక, వెనకాల ఎత్తయిన ఇసుక దిబ్బలు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు దాదాపు అర మైలు దూరం తడి ఇసుక నేల బయటపడుతుంది. క్రికెట్ ఆడుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

అయితే ఆ చదును నేలను చూసి మోసపోకండి. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే.

విశాఖలోనో మచిలీపట్నంలోనో సముద్రం చూసి పెరిగిన మనకు అలలంటే భయం తెలుసు, పోటంటే అంతగా తెలియదు. విశాఖలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టంలో తేడా మహా అయితే మీటరున్నర, రెండు మీటర్లు. కాంబర్ ఉన్న రై అఖాతంలో పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా ఆరు మీటర్లు దాటుతుంది. రెండంతస్తుల ఇంటి ఎత్తు నీళ్లు ఆరు గంటల్లో వచ్చి, మళ్లీ ఆరు గంటల్లో పోతాయి. నేల చదునుగా ఉంది కాబట్టి ఆ నీళ్లు పైకి ఎగసిపడవు, అడ్డంగా పరుచుకుంటూ వస్తాయి. ఇంకో సంగతి, చదునుగా కనిపించే ఆ ఇసుకలో మెరకలూ పల్లాలూ ఉంటాయి. నీళ్లు ముందు పల్లాలను పట్టుకుంటాయి. మీరు దూరంగా ఒక మెరక మీద పొడి కాళ్లతో నిలబడి ఉంటారు, మీకూ ఒడ్డుకూ మధ్య పల్లం మాత్రం చప్పుడు లేకుండా నిండిపోతుంది. వెనక్కి తిరిగి చూసేసరికి అది నడుము లోతు దాటి ఉంటుంది.

2016 ఆగస్టు 24న, కృష్ణాష్టమికి ముందు రోజు, లండన్ నుంచి సరదాగా వచ్చిన ఐదుగురు యువకులు ఇక్కడే మునిగి చనిపోయారు. అందరూ తమిళ కుటుంబాల పిల్లలు, స్నేహితులు. ఆ వేసవిలో అప్పటికే మరో ఇద్దరు ఇదే ఒడ్డున ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటికి ఇక్కడ లైఫ్‌గార్డులు లేరు. మరుసటి ఏడాది నుంచి వేసవి నెలల్లో ఆర్‌ఎన్‌ఎల్‌ఐ లైఫ్‌గార్డులు కాపలా కాస్తున్నారు. 1824 నుంచి ఉన్న స్వచ్ఛంద సంస్థ అది. ఆ అబ్బాయిలు మన పక్కింటి పిల్లల్లాంటివాళ్లే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ఇల్లు కదిలే ముందు వాతావరణం ఒక్కటే చూస్తే చాలదు, పోటు వేళలు చూడాలి. బీబీసీ వాతావరణ పేజీల్లో దొరుకుతాయి. కొన్ని పట్టికలు గ్రీనిచ్ కాలమానంలో ఉంటాయి, వేసవిలో దానికి ఒక గంట కలుపుకోవాలి. మన పంచాంగం చూసే అలవాటున్న ఇంట్లో ఇంకో ఆనవాలు చెబుతాను. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు అన్నిటికంటే పెద్దది. ఈ తీరంలో ఆ రోజుల్లో నీళ్లు నిండుగా ఉండేది మిట్టమధ్యాహ్నం ప్రాంతంలోనే. పన్నెండింటికి దిగితే దుప్పటి పరుచుకోవడానికి ఇసుక వెతుక్కోవాలి. అష్టమి దగ్గర్లో దీనికి తారుమారు, మధ్యాహ్నం నీళ్లు దూరంగా ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు అవే అనువైన రోజులు. కానీ భోజనాలయ్యాక, అందరూ ఆటల్లో మునిగి ఉన్న వేళకే పోటు మొదలవుతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆటు ముగిసే వేళకే మెరకల మీద నుంచి ఒడ్డు వైపు జరగండి. ఈ పంచాంగం లెక్క గుర్తుకు మాత్రమే, ఆ రోజు పట్టిక చూడటం తప్పదు.

నీళ్లలోకి దిగే చోట సగం ఎరుపు, సగం పసుపు రంగున్న జెండాలు రెండు పాతి ఉంటాయి. వాటి మధ్యే దిగండి. లైఫ్‌గార్డులు చూసేది ఆ మేరనే. పూర్తి ఎర్ర జెండా ఎగురుతుంటే ఎవరూ దిగకూడదు. నారింజ రంగు గుడ్డ గాలిగొట్టం (విండ్‌సాక్) ఎగురుతుంటే గాలి ఊదిన పడవలూ రింగులూ నీళ్లలో వేయకూడదు. ఒడ్డు నుంచి వీచే గాలి వాటిని నిమిషాల్లో లోపలికి తోసేస్తుంది. నన్నడిగితే ఆ రింగులు ఇంట్లోనే వదిలి రావడం మేలు. పడమటి చివర రోథర్ నది సముద్రంలో కలుస్తుంది, అక్కడ ప్రవాహం బలంగా ఉంటుంది. అటు వైపు వెళ్లనే వద్దు.

చలి సంగతి వేరే చెప్పాలి. ఆగస్టులో కూడా ఈ నీళ్లు పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలే. మన బంగాళాఖాతంలా గోరువెచ్చగా ఉండవు. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, ఆ తడబాటులోనే నీళ్లు మింగుతారు. మెల్లగా దిగాలి. లోతులో పడి భయం వేస్తే ఈదే ప్రయత్నం ఆపి వెల్లకిలా తేలండి. చెవులు నీళ్లలో మునిగేంతగా తల వెనక్కి వాల్చండి, చేతులు మెల్లగా ఆడించండి. నిమిషం, ఒకటిన్నర నిమిషంలో ఊపిరి దారికొస్తుంది. ఇది పిల్లలకు ముందే ఈత కొలనులో నేర్పండి. అమ్మలూ అత్తలూ చీరలతో మోకాళ్ల లోతు దాటి దిగకండి. తడిసిన బట్ట కాళ్లకు చుట్టుకుంటే నిలదొక్కుకోవడం కష్టం.

ఇక మిగతావి. రైల్లో అయితే సెయింట్ పాంక్రస్ నుంచి యాష్‌ఫర్డ్, అక్కడ మారి రై, అక్కడి నుంచి బస్సు. కార్లో వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి. ఎండ రోజుల్లో రై నుంచి వచ్చే రోడ్డు నిండిపోయి కార్లు గంటల తరబడి ఆగిపోతాయి. గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది, గాలికి అడ్డుగా కర్రలకు కట్టే గుడ్డ తెర ఒకటి తెచ్చుకోండి. లేకపోతే పులిహోరలో ఇసుక ఏరుకోవాల్సి వస్తుంది. పెరుగన్నం ఐస్ ప్యాకుల డబ్బాలో పెట్టండి. చేతిలో చిప్స్ పొట్లం కనిపిస్తే సముద్రపు కాకులు ఎగరేసుకుపోతాయి, పిల్లల్ని గోడ పక్కన కూర్చోబెట్టి తినిపించండి. మబ్బుగా ఉన్నా సన్‌స్క్రీన్ రాయండి. నీళ్లలో నడిచేటప్పుడు కాళ్లకు రబ్బరు చెప్పులుండాలి, ఇసుకలో దాక్కునే వీవర్ చేప ముల్లు గుచ్చుకుంటే భరించలేని నొప్పి. అలా గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట కాలు ఉంచాలి. జనంలో పిల్లలు తప్పిపోవడం ఇక్కడ మామూలు. దిబ్బలన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, పిల్లల ముంజేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి, దిగగానే లైఫ్‌గార్డుల గుడిసె ఎక్కడుందో వాళ్లకు చూపించండి. లైఫ్‌గార్డులు సాధారణంగా ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకానే ఉంటారు. పొద్దు ఇంకా ఎంత ఉన్నా, వాళ్లు జెండాలు పీకేస్తే మీరూ నీళ్లలోంచి వచ్చేయండి.

చివరగా ఒక విన్నపం. ఎవరైనా మునుగుతున్నట్టు కనిపిస్తే కాపాడాలని మీరు దూకకండి. అలా దూకినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. తేలే వస్తువు ఏదుంటే అది విసరండి, వెల్లకిలా తేలమని కేకేయండి, 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ నంబరు తెలియదు. ఈ రాత్రే వాళ్ల ఫోన్లలో వేసి ఇవ్వండి.