వచ్చినవారు మళ్ళీ రావాలంటే

(టొరంటో ప్రాంతంలో శనివారపు తెలుగు తరగతి పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



పోయిన శనివారం మన తరగతిలో ఒక అమ్మాయి నన్ను ఇలా అడిగింది: "మాస్టారూ, నేను తెలుగులో ఒక వెబ్‌సైటు పెట్టాలనుకుంటున్నాను. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ రావాలంటే ఏం చేయాలి? అసలు నా తెలుగు ఎవరు చదువుతారు?" ఇవి రెండు ప్రశ్నలు. రెండూ మంచివే. నాకు తెలిసినంతవరకు ఈ రోజు వాటికి సమాధానం చెబుతాను.

మన పల్లెటూళ్ళలో పాత ఇళ్ళకు వీధివైపు అరుగులుండేవి. సెలవులకు తాతగారి ఊరు వెళ్ళినప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. ఎన్ని ఇళ్ళకు అరుగులున్నా, సాయంత్రమయ్యేసరికి జనం చేరేది ఏ ఒకటి రెండు చోట్లనో. అక్కడ కూర్చుంటే పనికివచ్చే మాట ఒకటి చెవిన పడేది. ఇంటివారు ఆదరంగా పలకరించి మంచినీళ్ళు ఇచ్చేవారు. అందుకే మరునాడు కూడా కాళ్ళు అటే నడిచేవి. వెబ్‌సైటు కూడా అటువంటి అరుగే.

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటును 1990లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయుడు తయారుచేశాడు. అప్పుడాయన జెనీవా దగ్గరి సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తుండేవాడు. ఆ సైటులో రంగుల బొమ్మలు లేవు, సంగీతం లేదు. వెబ్ అంటే ఏమిటో, దానిని ఎలా వాడుకోవాలో వివరించే మాటలే ఉన్నాయి. చూడవచ్చినవారికి కావలసింది అదే. 1993లో సెర్న్ సంస్థ ఈ విధానాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. అందువల్లనే ఈనాడు మీవంటి పిల్లలు కూడా వెబ్‌సైటు పెట్టడానికి ఎవరికీ హక్కుల రుసుము కట్టనక్కరలేదు.

ఇక నా కథ చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేనూ ఒక వెబ్‌సైటు తయారుచేశాను. పైన 'సుస్వాగతం' అనే అక్షరాలు అటూ ఇటూ కదిలేవి. పేజీ తెరవగానే పాట మోగేది. అక్షరాలు అందంగా కనిపించాలని తెలుగు మాటలన్నీ బొమ్మలుగా చేసి అతికించాను. ఇంట్లో తీసిన ఫోటోలు నలభై దాకా పెట్టాను. బంధువులందరూ ఒకసారి చూశారు, బాగుందన్నారు. రెండోసారి ఒక్కరూ రాలేదు. చివరకు గుంటూరు నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. "తమ్ముడూ, నీ పేజీ తెరుచుకొనేలోపల పొయ్యిమీద పప్పు ఉడికిపోయింది. తీరా తెరుచుకొన్నాక ఆ పాట మోతకు మనవడు నిద్రలేచి ఏడుపు మొదలుపెట్టాడు" అన్నది. నాకు నవ్వు వచ్చింది, సిగ్గూ వేసింది. నేను నా ముచ్చట చూసుకొన్నాను గాని, వచ్చేవారి సంగతి ఆలోచించలేదు.

ఆ తప్పుల నుంచి నేను నేర్చుకొన్న విషయాలు వినండి.

మొదటిది, పేజీ తేలికగా ఉండాలి. ఫోనుతో తీసిన ఒక్క ఫోటో మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. దానిని రెండు మూడు వందల కిలోబైట్లకు తగ్గించినా పేజీలో చక్కగానే కనబడుతుంది. పాట పెడితే, వచ్చినవారు నొక్కితేనే మోగాలి.

రెండవది, అక్షరాలను అక్షరాలుగానే రాయాలి. కంప్యూటరుకు తెలిసినవి సంఖ్యలే. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించారు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే మన లిపికి చోటు దొరికింది. మనకు 128 స్థానాలు ఇచ్చారు. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఈ పద్ధతి వాడుకలోకి రాకముందు ఒక్కొక్క తెలుగు సైటుకు ఒక్కొక్క ఫాంటు ఉండేది. అది మన కంప్యూటరులో లేకపోతే తెలుగుకు బదులు అర్థం కాని గీతలు కనిపించేవి. ఇప్పుడు టొరంటోలో మీరు రాసిన 'అ' తెనాలిలో మీ అమ్మమ్మగారి ఫోనులోనూ 'అ'గానే కనబడుతుంది.

బొమ్మగా చేసిన మాటలను వెదికే యంత్రాలు సరిగా పట్టుకోలేవు. ఇటువంటి వెదుకులాటకు తొలిదారి వేసినవాటిలో ఒకటైన 'ఆర్చీ' 1990లో మన దేశంలోనే, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. చూపులేనివారికి పేజీని చదివి వినిపించే సాధనాలకు కూడా అసలైన అక్షరాలే కావాలి. అందుచేత బొమ్మ పెట్టిన ప్రతిచోటా, అందులో ఏముందో చెప్పే ఒక వాక్యాన్ని జతచేయండి.

మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. మీకు స్వయంగా తెలిసినదాన్ని రాయండి. నేను ఆ పాత పేజీలన్నీ తీసివేసి, మా ఇంటి గోంగూర గురించి రాశాను. ఏప్రిల్‌లో కిటికీ పక్కన కుండీల్లో విత్తనాలు వేయడం, మే నెలలో విక్టోరియా డే దాటాక మొక్కలను పెరట్లో నాటడం, వేసవి అంతా ఆకు కోసుకోవడం, మొదటి మంచు పడగానే మొక్కలు నల్లబడి వాలిపోవడం, అన్నీ తేదీలతో సహా రాశాను. ఒక ఏడాది తొందరపడి ముందే నాటితే, ఒక్క రాత్రి మంచుకు మొక్కలన్నీ చచ్చిపోయాయి. ఆ సంగతీ దాచలేదు. కొన్నాళ్ళకు విన్నిపెగ్ నుంచి ముక్కూ మొహం తెలియని ఒకాయన ఉత్తరం రాశారు. "మీ ఊరికన్నా మాకు చలి ఎక్కువండీ. మేము జూన్ వచ్చేదాకా ఆగుతాము" అని తన అనుభవం చెప్పారు. ఆయన అనుమతితో ఆ మాట కూడా పేజీలో చేర్చాను. మరుసటి ఏప్రిల్‌లో ఆయన మళ్ళీ వచ్చారు, ఇంకొందరిని వెంటబెట్టుకొని!

తెలుగువారు మాటిమాటికీ వెళ్ళే సైటులు చూడండి. 'ఆంధ్రభారతి'లో నిఘంటువులు ఉన్నాయి. మాటకు అర్థం కావలసివచ్చినప్పుడల్లా వెళతాము. 'లేఖిని'లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. 'ఈమాట' పత్రిక 1998లో మొదలైంది. దాని పాత సంచికలను కూడా చదువుకోవచ్చు. వచ్చినవారికి ఏదో ఒకటి చేతికి అందుతుంది కనుకనే మళ్ళీ వెళుతున్నారు.

నాలుగవది, ఆరంభశూరత్వం పనికిరాదు. రోజుకొక పేజీ రాస్తానని చెప్పి వారానికే మానివేయడం కంటే, నెలకొకటి రాస్తానని చెప్పి తప్పకుండా రాయడం మేలు. మీరు రాసినదానికి ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి. ఒకప్పుడు 'జియోసిటీస్' అనే చోట లక్షలాదిమంది సొంత పేజీలు పెట్టుకొన్నారు. 2009 అక్టోబరులో దానిని మూసివేశారు. కొందరు శ్రమపడి కొన్నిటిని భద్రపరిచారు. నకలు లేనివారి పేజీలు చాలా పోయాయి.

ఒక హెచ్చరిక కూడా వినండి. తల్లిదండ్రులకు చెప్పకుండా వెబ్‌సైటు పెట్టవద్దు. ఇంటి చిరునామా, ఫోను నంబరు, బడి పేరు అందులో రాయవద్దు. స్నేహితుల ఫోటోలు వారిని అడగకుండా పెట్టవద్దు. ఇతరులు తీసిన బొమ్మలను మీవిగా చూపవద్దు. అరుగు వీధిలోనిది, ఇల్లు లోపలిది. ఆ తేడా మరువకండి.

ఇక ఆ అమ్మాయి రెండో ప్రశ్న. "నా తెలుగు ఎవరు చదువుతారు?" మొదట మీ అమ్మమ్మ, తాతయ్య చదువుతారు. తప్పులుంటే వారే దిద్దుతారు. దిద్దించుకోవడంలో చిన్నతనం లేదు. ఆ తరువాత మీకు తెలియనివారూ వస్తారు. మైనస్ 20 డిగ్రీల చలిలో బడికి నడుస్తుంటే కనురెప్పల మీద మంచు ఎలా పేరుకొంటుందో, గడ్డకట్టిన చెరువు మీద మొదటిసారి స్కేటింగు చేస్తూ ఎన్నిసార్లు పడ్డారో, తెనాలిలోని మీ ఈడు పిల్లలకు ఎవరు చెబుతారు? ఆ సంగతులు తెలిసినవారు మీరు. వాటిని తెలుగులో చెప్పగలవారూ మీరే. మీరు రాయకపోతే ఆ మాటలు తెలుగులో ఉండవు. రాసేవారు లేని భాషకు చదివేవారు ఎక్కడినుంచి వస్తారు?

కనుక వచ్చే శనివారానికి ఒక్కొక్కరు ఒక్క పేజీ రాసుకొని రండి. కంప్యూటరు అక్కరలేదు, కాగితం చాలు. దానిని పక్కవారికి ఇచ్చి చదవమనండి. చదివి, "తరువాత ఏమైంది?" అని వారు అడిగితే మీ అరుగు సిద్ధమైనట్లే.

ప్రశ్నలు

1. ఉపాధ్యాయుని మొదటి వెబ్‌సైటుకు ఎవరూ రెండోసారి ఎందుకు రాలేదు?
2. తెలుగు మాటలను బొమ్మలుగా పెట్టడం వల్ల ఎవరెవరికి ఇబ్బంది?
3. మీకు స్వయంగా తెలిసి, ఇతరులకు పనికివచ్చే విషయం ఒకటి పది వాక్యాలలో రాయండి.