గిలానసేవ: కరుణ, కౌశలం

 

రోగిసేవ గురించి, అందులోనూ మనం వాడుకలో ఐ.సి.యు. అని పిలిచే తీవ్ర చికిత్సా విభాగంలో నర్సులు చేసే సేవ గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ధమ్మసభలో ఆసుపత్రి ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. వినయ పిటకంతో పరిచయం ఉన్నవారికి ఆ సందేహం రాదు.

మహావగ్గంలోని చీవర ఖంధకంలో ఒక ఘట్టం ఉంది. ఒక భిక్షువు అతిసారంతో లేవలేక తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. ఆనందునితో కలిసి విహారంలోని నివాసాలను చూస్తూ వచ్చిన భగవానుడు అతణ్ణి గమనించాడు. అతని వల్ల తమకు ప్రయోజనం లేదని తక్కిన భిక్షువులు పట్టించుకోలేదు. భగవానుడు అక్కడ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆనందునిచేత నీళ్లు తెప్పించాడు. తాను నీళ్లు పోస్తుండగా ఆనందుడు కడిగాడు. తాను తలవైపు, ఆనందుడు కాళ్లవైపు పట్టుకొని ఆ రోగిని ఎత్తి మంచంపై పడుకోబెట్టారు. ఆ తరువాతే సంఘాన్ని సమావేశపరిచి, ఇల్లు విడిచి వచ్చిన మీకు మీరే దిక్కని, రోగికి చేసే సేవ తనకు చేసిన సేవతో సమానమని బోధించాడు.

ఆ ఖంధకంలోనే మంచి గిలానుపట్ఠాకునికి, అంటే రోగిపరిచారకునికి, ఉండవలసిన అయిదు లక్షణాలు ఉన్నాయి. మందును సిద్ధం చేయగలగడం మొదటిది. రోగికి ఏది హితమో, ఏది అహితమో తెలిసి, హితమైనది తెచ్చి, అహితమైనది తొలగించడం రెండవది. లాభాపేక్షతో కాక మైత్రీచిత్తంతో సేవ చేయడం మూడవది. మలమూత్రాలను, కఫాన్ని, వాంతిని ఎత్తివేయడానికి ఏవగించుకోకపోవడం నాలుగవది. తగిన వేళ మంచి మాటతో రోగికి ధైర్యం, ఉత్సాహం కలిగించడం అయిదవది.

ఈ వరుసను గమనించండి. మైత్రి మూడవ స్థానంలో ఉంది. దానికి ముందున్న రెండూ నేర్పుకు సంబంధించినవి. పాళీలో ‘కుసల’ అనే మాటకు మంచిదనీ, నేర్పుగలదనీ రెండర్థాలు ఉండటం ఇక్కడ స్మరణీయం. బాబాసాహెబు కూడా ప్రజ్ఞా కరుణలు రెండింటినీ ధమ్మానికి మూలస్తంభాలుగా చూపారు. నేర్పు లేని జాలి రోగికి కీడు చేయగలదు. జాలి లేని నేర్పు అతణ్ణి యంత్రాల నడుమ ఒంటరిని చేస్తుంది.

ఐ.సి.యు. పుట్టుకే దీనికి సాక్ష్యం. 1952లో కోపెన్‌హేగన్ నగరంలో పోలియో విజృంభించి, శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులలో అత్యధికులు మరణించసాగారు. అప్పుడు మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మేరకు గొంతుకు రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి అందించారు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఆ సంచులను నొక్కారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. మరుసటి సంవత్సరమే ఆ నగరంలో ఇబ్సెన్ తీవ్ర చికిత్సా విభాగాన్ని నెలకొల్పాడు. యంత్రాలకు ముందు అక్కడ నిలిచినవి మనుషుల చేతులే.

నేడు ఆ చేతులు నర్సులవి. ఆ అయిదు లక్షణాలూ వారి పనిలో ఎలా కనిపిస్తాయో చూద్దాం. పొటాషియం క్లోరైడు మందును పలుచన చేయకుండా వేగంగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. కాబట్టి మందు సిద్ధం చేయగలగడం అంటే లెక్క తప్పకపోవడం, మరొకరిచేత సరిచూపించుకోవడం. హితాహితాలు తెలియడం అంటే, వెంటిలేటరుపై ఉన్న రోగి తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, ఒత్తిడి పుండ్లు పడకుండా వేళ తప్పక ఒత్తిగిలించడం, నోరు శుభ్రం చేయడం, కఫం లాగేటప్పుడు 15 సెకన్లు మించకుండా చూడటం. ఒక రోగిని తాకిన చేతులు కడుక్కోకుండా మరొకరిని తాకకపోవడం కూడా అందులోనిదే. ఇవన్నీ చిన్న పనులుగా కనిపిస్తాయి. న్యుమోనియా వస్తుందా, రాదా అన్నది చాలామందికి వీటిపైనే ఆధారపడి ఉంటుంది.

మైత్రికీ అక్కడ పని ఉంది. గొంతులో గొట్టం ఉన్నవారు నొప్పి అని చెప్పలేరు. ముడిపడిన నొసలు, బిగుసుకున్న పిడికిలి చూసి నర్సు ఆ నొప్పిని చదవాలి. స్పృహ లేదనుకున్న రోగికి కూడా వినికిడి ఉండవచ్చు. అందుకే తాకే ముందు పేరుతో పిలిచి, ‘అమ్మా, పక్కకు తిప్పుతున్నాను’ అని చెప్పాలి. రాత్రో పగలో తెలియని ఆ గదిలో చాలామందికి మతిభ్రమ కలుగుతుంది. వేళ చెప్పడం, కళ్లజోడు పెట్టడం, రాత్రి దీపాలు తగ్గించడం, అయినవారి గొంతు వినిపించడం వారికి ఊరటనిస్తాయి. అయిదవ లక్షణమైన మంచి మాటకు నేటి రూపం ఇదే.

ఇక నాలుగవ లక్షణం మన సభకు మరింత ముఖ్యం. మలమూత్రాలు ఎత్తే చేతిని మన దేశం తరతరాలుగా అంటరానిదిగా చూసింది. ఆ పనిని కొన్ని కులాలకు అంటగట్టి, ఆ కులాలనే ఏవగించుకుంది. భగవానుడు ఆ పనిని తన చేతులతో చేసి చూపాడు. సావిత్రీబాయి ఫూలే ప్లేగు సోకిన ఒక బాలుణ్ణి వీపున మోసుకొని కుమారుడు యశ్వంత్ చికిత్సాలయానికి చేర్చారు. ఆ రోగమే తనకూ సోకి 1897 మార్చి 10న కన్నుమూశారు. నర్సు పనిని తక్కువ చేసి మాట్లాడేవారు, పెళ్లి సంబంధాల దగ్గర ఆ ఉద్యోగం విని ముఖం చిట్లించేవారు మనలోనూ ఉన్నారు. అది మనం విడిచి వచ్చామనుకున్న కులం నీడ. త్రిశరణాలు స్వీకరించిన ఇంట దానికి చోటు ఉండరాదు.

లాభాపేక్ష లేని సేవ అన్నంత మాత్రాన నర్సులను తక్కువ జీతంతో, తక్కువ మందితో నడిపించవచ్చని అర్థం కాదు. చనిపోయిన భిక్షువు చీవరాలను, భిక్షాపాత్రను అతనికి సేవచేసినవారికే ఇమ్మని భగవానుడు సంఘాన్ని అనుమతించాడు. అపేక్ష లేకపోవడం సేవకుని శీలం. అతణ్ణి మరువకపోవడం సంఘం శీలం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉన్న అశోకుని రెండవ శిలాశాసనం మనుషులకూ పశువులకూ వైద్యం, ఔషధ మొక్కలు ఏర్పాటు చేయడాన్ని పాలకుని పనిగా చెబుతుంది. వెంటిలేటరుపై ఉన్న ప్రతి రోగికీ ఒక నర్సు ఉండాలన్నది వృత్తి ప్రమాణం. ముగ్గురు నలుగురిని ఒక్కరికే అప్పగించిన చోట కరుణ ఎంత ఉన్నా కాలం చాలదు. అటువంటి చోట నర్సుపై కేకలు వేయడం కాక, నర్సుల సంఖ్య పెంచమని అడగడం మన విధి.

కాబట్టి నా విన్నపాలు మూడు. మన పిల్లలలో ఇష్టమున్నవారిని, ఆడపిల్లలనూ మగపిల్లలనూ, గర్వంగా నర్సింగు చదివించండి. మన సంఘాల తరఫున ఇంటి వద్ద మంచాన పడినవారిని చూసుకునే పద్ధతులు నేర్పే తరగతులు నడపండి. మనవారు ఐ.సి.యు.లో ఉన్నప్పుడు చేతులు కడుక్కొని లోనికి వెళ్లండి, నర్సును పేరడిగి పలకరించండి.

నిస్సహాయుడైన మనిషిని శుభ్రమైన పడకపై, సరైన కోణంలో, నొప్పి లేకుండా పడుకోబెట్టగలిగిన చేతులను మనం తయారుచేసుకుందాం. భగవానునికి చేసే సేవ అదే.

నమో బుద్ధాయ. జై భీమ్.