"ఏం కాదు తాతా" అనేశాను

నేను బీఎస్సీ నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్తాను. ఇవాళ కొంచెం బరువైన టాపిక్. చివరి రోజుల్లో మనకి ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే చెప్పి పెట్టుకోవడం గురించి. స్కిప్ చేయకండి, చివర్లో మీకో చిన్న పని ఉంది.

ముందు నా తప్పు చెప్తాను. డ్యూటీలో చేరిన కొత్తలో మా వార్డులో ఒక తాత ఉండేవారు. లివర్ పూర్తిగా పాడైపోయింది. ఒక రాత్రి బీపీ చూస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నేను బతుకుతనా?" అని అడిగారు. నేను వెంటనే, "ఏం కాదు తాతా, రెండ్రోజుల్లో ఇంటికెళ్లిపోతారు" అనేశాను. ఆయన ఇంకేం అనలేదు. అటు తిరిగి పడుకున్నారు. తెల్లారేసరికి స్పృహ లేదు. తర్వాత వాళ్లావిడ చెప్పింది, "దుబాయ్‌ల ఉన్న కొడుకుతోని ఒక్కసారి మాట్లాడాలన్నడు" అని. నేను ధైర్యం చెప్పాననుకున్నా. కానీ ఆయన చెప్పాలనుకున్న మాటని అక్కడే ఆపేశాను.

అందుకే క్లాసులో ఇది పుస్తకం చూసి చెప్పను. ఒకరు పేషెంట్‌లా పడుకుంటారు, ఒకరు నర్సు. మూడు ప్రశ్నలు అడగాలి. మీ జబ్బు గురించి మీకు ఏం తెలుసు? మీకు అన్నిటికంటే ముఖ్యమైంది ఏంటి? మీరు మాట్లాడలేని పరిస్థితి వస్తే మీ తరఫున ఎవరు చెప్పాలి? అడిగాక నోరు మూసుకుని వినాలి. మా పిల్లలకి ఇంజెక్షన్ కంటే అదే కష్టం! విన్నది డాక్టర్‌కి చెప్పాలి, రికార్డులో రాయాలి.

"మేడం, అలా అడిగితే అశుభం కదా?" అంటారు. అడగకపోతే భయం పోదు కదా, ఆ మనిషి ఒక్కరే భయపడుతూ ఉంటారు.

చట్టం సంగతి కూడా చెప్తాను. అరుణా షాన్‌బాగ్ పేరు విన్నారా? ముంబైలో నర్సు. 1973లో ఆమె మీద దాడి జరిగింది. 2015లో చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్లు, ఆమెని చూసుకున్నది తోటి నర్సులే. ఆమెకి ఏం కావాలో చెప్పే అవకాశం మాత్రం ఆమెకి లేకుండా పోయింది. ఆమె కేసులో 2011లో తీర్పు వచ్చింది. తర్వాత 2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ని గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. 18 ఏళ్లు నిండినవాళ్లు, తెలివితో, ఎవరి బలవంతం లేకుండా రాయొచ్చు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉంటే చాలు. మనసు మారితే మార్చుకోవచ్చు.

ఇది ప్రాణం తీసే ఇంజెక్షన్ కాదు, అది మన దేశంలో నేరమే. కోలుకునే ఆశ లేనప్పుడు, మనం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు మాత్రమే ఈ కాగితం పనికొస్తుంది. అప్పుడు కూడా రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. వెంటిలేటర్ వద్దన్నా నొప్పికి మందు ఆగదు, నోరు తడపడం ఆగదు, పక్క మార్చడం ఆగదు. ఆ పనంతా నర్సుదే.

మొన్న ఒక స్టూడెంట్ ఇంటికెళ్లి వాళ్ల నానమ్మని అడిగిందట. నానమ్మ నవ్వి, "ఇన్నేళ్లకి ఒక్కరైనా అడిగిన్రు. నన్ను ఇంట్లనే ఉంచుర్రి, వాకిలి కనపడాలె" అన్నదట. ఆ అమ్మాయి అది నోట్‌బుక్‌లో రాసుకుని, వాళ్ల నాన్నకి కూడా చదివి వినిపించింది.

మీ పని కూడా అదే. ఈ వారం ఇంట్లో ఒక్కరిని, ఒక్క ప్రశ్న అడగండి. సమాధానం వచ్చేదాకా ఫోన్ పక్కన పెట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.