వెన్నెముకకు ప్రాకిన కాన్సరు: శస్త్రచికిత్స క్షేమమేనా?

రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు గ్రంథి, మూత్రపిండము - వీటిలో పుట్టిన కాన్సరు కొందరిలో వెన్నెముకకు ప్రాకుతుంది. పొత్తికడుపు అడుగుభాగపు సిరలకూ, వెన్నుపూసల చుట్టూ అల్లుకొన్న సిరలకూ గల సంబంధాన్ని 1940లో బాట్సన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించగా, అది ప్రాకే త్రోవ ఒకటి తెలిసినది. పూసలో పెరిగిన కణితి వెన్నుపామును నొక్కితే కాళ్ళు చచ్చుపడతాయి. అప్పుడు వైద్యుడు శస్త్రచికిత్స మాట ఎత్తగానే ఇంటివారు అడిగేది ఒక్కటే: "ఈ స్థితిలో కత్తి పెట్టించడం క్షేమమేనా?"

ఈ భయము నిరాధారమైనది కాదు. పూర్వము పూస వెనుకభాగపు ఎముకను తొలగించి ఊరకుండేవారు. కణితి సాధారణముగా ముందుభాగమున ఉంటుంది. వెనుక గోడ పడగొట్టినందువల్ల అది కదలలేదు సరిగదా, అసలే గుల్లబారిన వెన్నెముక మరింత పట్టు తప్పేది. కిరణచికిత్స మాత్రమే పొందినవారికంటె వీరికి విశేష లాభము కనిపించలేదు. వైద్యులు చాలా ఏండ్లు కత్తికి వెనుదీయడం సబబే అని మేము తలుస్తాము.

తరువాత పద్ధతి మారినది. కణితి ఉన్నచోటికే పోయి, ఒత్తిడి తొలగించి, లోహపు కడ్డీలతోను మరలతోను వెన్నెముకను నిలబెట్టడం ఆరంభించారు. అమెరికాలో ప్యాచెల్, ఆయన సహచరులు 101 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. శస్త్రచికిత్స చేసి పిమ్మట కిరణచికిత్స ఇచ్చినవారిలో నూటికి 84 మంది నడవగలిగారు. కిరణచికిత్స మాత్రమే పొందినవారిలో 57 మంది. వరుసలో నడుమనున్న రోగిని కొలతగా తీసుకొంటే, నడక నిలిచిన కాలము మొదటివారికి 122 దినములు, రెండవవారికి 13 దినములు. మొదటి నెలలో మరణాలు శస్త్రచికిత్స వర్గంలో హెచ్చు కాలేదు.

నాలుగు నెలలు ఏపాటి అని కొందరు అనవచ్చును. తన కాళ్ళతో పెరటిలోకి పోగలిగిన ఒక్క దినము ఏపాటిదో, మంచము దగ్గర సేవ చేసిన ఆడవారిని అడగవలె.

అయితే ఇది అందరికీ తగినది కాదు. కాళ్ళు పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటినవారిని, మూడు నెలలు జీవించే ఆశ లేనివారిని, కిరణాలకే కరిగిపోయే లింఫోమా వంటి కణితులు గలవారిని ఆ పరీక్షలో చేర్చుకోలేదు. మూత్రపిండము, థైరాయిడ్ గ్రంథి - వీటినుండి వచ్చిన కణితులు మిక్కిలి రక్తము కారుతాయి. అందుచేత ముందుగానే వాటి రక్తనాళాలను మూయడం కలదు. కిరణాలు తగిలిన చర్మముపై కోత పెడితే గాయము త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదమూ హెచ్చు. కత్తి ముందు, కిరణాలు తరువాత అనే వరుస మేలన్నది ఇందువల్లనే.

కాన్సరు తగ్గినదనుకొన్నవారికి నడుములోనో వీపులోనో నొప్పి పుట్టి, పడుకొన్నపుడు హెచ్చుతూ ఉంటే, మర్దనాలతో వారాలు గడపడం మన ఇళ్ళలో పరిపాటి. కాళ్ళు తడబడినా, తిమ్మిరెక్కినా, మూత్రము బిగిసినా ఆనాడే ఆసుపత్రికి పోయి ఎం.ఆర్.ఐ. పరీక్ష కోరవలె. మునుపు ఏ భాగానికి ఎంత కిరణచికిత్స జరిగినదో తెలిపే కాగితాలు వెంట ఉండవలె. కోత ఎక్కడ పెట్టవలెనో నిర్ణయించే వైద్యునికి అవి అవసరము.