మాహియా రాకెట్టు, ఒక పాత్రికేయుడి పుస్తకం

భోజనాలకి ముందు మైకు అందుకున్నవాణ్ణి జనం ఎలా చూస్తారో నాకు తెలుసు. ఇరవై నిమిషాలు ఇచ్చారు, పదిలోనే దిగిపోతాను.

సాహిత్య సదస్సులో ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడమన్నారు. కవిత్వం నా వల్ల కాదు. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. అందుకని నాకు అర్థమయ్యే పుస్తకమే ఎంచుకున్నాను. ఆష్లీ వాన్స్ అనే పాత్రికేయుడు 2023లో తెచ్చిన 'వెన్ ద హెవెన్స్ వెంట్ ఆన్ సేల్'. ఆకాశాన్ని అమ్మకానికి పెట్టిన కాలం అనుకోండి. 2015లో ఇలాన్ మస్క్ జీవితకథ రాసింది ఈయనే. ఇందులో ప్లానెట్, రాకెట్ ల్యాబ్, ఆస్ట్రా, ఫైర్‌ఫ్లై అనే నాలుగు కంపెనీల కథలున్నాయి. ప్లానెట్ వాళ్ళు తమ బుల్లి ఉపగ్రహాలు 88 ఒకేసారి పంపింది 2017 ఫిబ్రవరి 15న, మన శ్రీహరికోట నుంచే. ఆరోజు పీఎస్‌ఎల్‌వీ మొత్తం 104 ఉపగ్రహాలను మోసుకుపోయింది. రాకెట్ ల్యాబ్ అయితే మనమున్న ఈ న్యూజిలాండ్‌లోనే పుట్టింది. నేను దాని గురించే చెబుతాను.

దాన్ని పెట్టిన పీటర్ బెక్ 1977లో ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టారు. దక్షిణ ద్వీపం అడుగున ఉండే ఊరు. అక్కడి చలి సంగతి అక్కడ ఉద్యోగం చేసొచ్చిన మిత్రులు చెప్పాలి. ఆయన యూనివర్సిటీ గడప తొక్కలేదు. డునెడిన్‌లో ఫిషర్ అండ్ పైకెల్ కంపెనీలో టూల్ అండ్ డై మేకర్‌గా అప్రెంటిస్ చేరారు. ఇంటికెళ్ళాక మీ బట్టలుతికే మెషీన్ మీద పేరు చూడండి, ఆ కంపెనీయే కావచ్చు. మన లెక్కలో చెప్పాలంటే బాలానగర్‌లో డైలు చేసే షాపులో పని నేర్చుకోవడం. పగలు కంపెనీ పని, ఆ తరవాత అదే వర్క్‌షాపులో సొంత రాకెట్ ఇంజన్లు. సైకిలుకి రాకెట్ బిగించి, దాని మీద తనే కూచుని నడిపిన మనిషి.

2006లో కంపెనీ పెట్టారు. మొదట డబ్బు పెట్టినాయన పేరు మార్క్ రాకెట్. హాస్యం కాదండీ, రాకెట్ల మీద ప్రేమతో అంతకు ముందే ఇంటిపేరు మార్చుకున్నారు. 2009 నవంబరు 30న గ్రేట్ మెర్క్యురీ దీవి నుంచి ఆటియా-1 అనే చిన్న రాకెట్టు పైకి పంపారు. ఆ తరవాత కొన్నేళ్ళు చిన్నాచితకా కాంట్రాక్టులతో నెట్టుకొచ్చారు. 2013లో కంపెనీని అమెరికాలో రిజిస్టర్ చేశారు, పెట్టుబడులు అక్కడే ఉన్నాయి కాబట్టి. ఇక్కడి గొర్రెల పొలాల మధ్య పుట్టిన కంపెనీ కాగితాల మీద అమెరికా కంపెనీ అయిపోయింది. మనం పాస్‌పోర్టులు మార్చుకున్నవాళ్ళం, ఆయన్ని తప్పు పట్టలేం.

నాకు బాగా నచ్చినది ఎలక్ట్రాన్ మొదటి ప్రయోగం. నల్లటి కార్బన్ ఫైబర్ రాకెట్టు, మూడొందల కిలోల వరకు మోస్తుంది. కింది దశలో తొమ్మిది ఇంజన్లు. ఒక్కో ఇంజన్‌కి రూథర్‌ఫర్డ్ పేరు పెట్టారు, నెల్సన్ దగ్గర పుట్టిన ఆ శాస్త్రవేత్త పేరే. ఇంధనాన్ని తోసే పంపులు బ్యాటరీలతో తిరుగుతాయి, ఇంజన్ ముఖ్యభాగాలు త్రీడీ ప్రింటర్‌లో అచ్చయి వస్తాయి. 2017 మే 25న మాహియా ద్వీపకల్పం నుంచి లేచింది. ప్రయోగానికి పెట్టిన పేరే 'ఇట్స్ ఎ టెస్ట్'. నాలుగు నిమిషాలు చక్కగా వెళ్ళింది, 224 కిలోమీటర్ల ఎత్తు చేరింది. అప్పుడు నేల మీది భద్రతాధికారులకు సమాచారం తెగిపోయింది. నిబంధన ప్రకారం ఆపేయమన్నారు. ఆపేశారు.

తరవాత వెతికితే తేలిందేమిటి? రాకెట్టులో ఏ లోపమూ లేదు. బయటి కాంట్రాక్టరు పెట్టిన నేల మీది పరికరంలో, వచ్చే డేటాలో తప్పులు దిద్దే ఒక సెట్టింగు ఆన్ చెయ్యలేదు. అంతే! రాకెట్ ల్యాబ్ సొంత పరికరంలో అదే సమయంలో డేటా శుభ్రంగా వచ్చింది. ఈ హాల్లో ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమనను, అందరూ ఎత్తుతారు. ఇలాంటి ఒక్క టిక్కు కోసం మనం ఎన్ని రాత్రులు జాగారం చెయ్యలేదు?

మాది సూళ్ళూరుపేట దగ్గరి పల్లె. 1993 సెప్టెంబరులో మొదటి పీఎస్‌ఎల్‌వీ లేచినప్పుడు మిద్దెక్కి చూసిన పిల్లల్లో నేనొకణ్ణి. అది బంగాళాఖాతంలో పడిపోయింది. కారణాల్లో ఒకటి నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన తప్పు. ఏడాది తిరిగి 1994 అక్టోబరు కల్లా రెండోది కక్ష్యకి చేరింది. ఎలక్ట్రాన్ కూడా 2018 జనవరి 21న, రెండో ప్రయత్నంలోనే చేరింది. ఆ తరవాత 2020లో, 2021లో, 2023లో మళ్ళీ విఫలమైంది, మళ్ళీ లేచింది. 2025 చివరికి ప్రయోగాలు డెబ్భై దాటాయి.

పుస్తకం మీద నాకొక ఫిర్యాదు ఉంది. వ్యవస్థాపకుల మీద పడినంత వెలుతురు వాళ్ళ కాళ్ళ కింది నేల మీద పడలేదు. మాహియాలో ప్రయోగకేంద్రం మావోరీలకు చెందిన ఒనెనుయి పొలంలో ఉంది. భూమి వాళ్ళది, కంపెనీ మాట్లాడుకుని, ఒప్పందం చేసుకుని వాడుకుంటోంది. 2021లో అమెరికా సైన్యం ఉపగ్రహాన్ని ఇక్కడినుంచి పంపినప్పుడు, మా నేల మీంచి ఇవెందుకని ఇక్కడివాళ్ళు గట్టిగానే అడిగారు. శ్రీహరికోటలో తరతరాలుగా బతికిన యానాదులను అడిగిందెవరు? దీవి ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. నేను రాకెట్ల వెలుగు చూసి చప్పట్లు కొట్టిన ఊళ్ళోనే వాళ్ళ గుడిసెలు కూడా ఉండేవి. ఆ కథ కూడా ఎవరైనా పాత్రికేయుడు ఇంత ఓపిగ్గా రాస్తే బావుణ్ణు.

ఇక అసలు ఈ పుస్తకం మా ఇంట్లోకి ఎందుకొచ్చిందో చెప్పాలి. ఇయర్ 12 చదివే మా పెద్దవాడు పోయిన ఏడాది, యూనివర్సిటీకి వెళ్ళను, మెషినిస్టు అప్రెంటిస్‌గా చేరతానన్నాడు. ఈ పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు. ఊళ్ళోంచి మా నాన్న ఫోన్లో, "ఏరా అబ్బయా, మెకానిక్కు పని కోసమా అంత దూరం పోయింది?" అన్నాడు. ఐటీఐ అంటే పెళ్ళిసంబంధం దగ్గర గొంతు తగ్గించి చెప్పే సమాజం మనది. ఇక్కడ ప్లంబరు మనకంటే పెద్ద ఇంట్లో ఉంటాడని తెలిసినా ఆ గొంతు పైకి లేవదు.

అలాగని బెక్‌ని చూపించి డిగ్రీలు దండగ అనే మనిషిని కాను. ఆ కంపెనీలో గైడెన్స్ లెక్కలు వేసేవాళ్ళంతా బాగా చదువుకున్నవాళ్ళే, వాళ్ళు లేకుండా ఎలక్ట్రాన్ లేవదు. బెక్ లాంటివాడు లక్షకొకడు. మా వాడితో నేనదే అన్నాను. "నాన్నా, ఆయన కంపెనీలో భాగాలు కోసేవాళ్ళు లక్షకొకరు కాదుగా, వాళ్ళు కూడా కావాలిగా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వాడింకా చేరలేదు, మేమింకా సరే అనలేదు. వచ్చే నెల ఒక వర్క్‌షాపు చూడటానికి ముగ్గురం కలిసి వెళ్తున్నాం. మా ఆవిడ కూడా వస్తానంది.

మన హైదరాబాదులో 2018లో పవన్ కుమార్ చందన, నాగభరత్ దాక కలిసి స్కైరూట్ పెట్టారు. ఇద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్ళు. 2022 నవంబరు 18న వాళ్ళ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచింది. దాని భాగాలు కోసిన చేతుల పేర్లు కూడా రేపు రాయబోయే పుస్తకంలో ఉంటాయని ఆశిస్తున్నాను.

వంటవాళ్ళు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. పుస్తకం నా సంచీలోనే ఉంది, కావలసినవాళ్ళు తీసుకెళ్ళండి. మా వాడిది కాబట్టి తిరిగిచ్చేయాలి. సెలవు.