తల్లి గ్రూపు, బిడ్డ రక్తం

బడి కార్డు కోసం పిల్లల బ్లడ్ గ్రూపు చెప్పే తల్లులను మీ గ్రూపేమిటని మేము అడిగితే ఆలోచనలో పడతారు. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, ముఖ్యంగా రెండో కాన్పు నుంచి, తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాలను దెబ్బతీయవచ్చు. బిడ్డకు రక్తం తగ్గిందేమో చూడటానికి పూర్వం పొట్టలోకి సూది గుచ్చి ఉమ్మనీరు తీసేవారు. అందులో గర్భానికే ముప్పుండేది. 2000లో డాక్టర్ జియాన్‌కార్లో మారి బృందం సూది లేని దారి చూపింది. పలచబడిన రక్తం వేగంగా పారుతుంది కదా! బిడ్డ మెదడు రక్తనాళంలో ఆ వేగాన్ని డాప్లర్ స్కానింగ్ కొలుస్తుంది. ఆ వారానికి ఉండవలసిన దానికి ఒకటిన్నర రెట్లు దాటితే డాక్టర్లు అప్రమత్తమవుతారు. అవసరమైతే కడుపులోని బిడ్డకే రక్తం ఎక్కిస్తారు. నెల తప్పగానే గ్రూపు పరీక్ష చేయించండి. నెగెటివ్ అయితే, కాన్పయిన 72 గంటల్లోపు ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. గర్భం నిలవకపోయినా అడగండి.