లెక్క చెప్పడమూ అమానతే
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లెక్కల మాస్టారిని. ముప్పై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అయినా ఒకసారి ఇలాంటి సభలోనే లెక్క సరిగ్గా చెప్పలేక తలదించుకున్నాను. ఆ రోజు స్కాలర్‌షిప్పుల నివేదికను తెరమీద వేశాను. ఒకే పట్టికలో బోలెడన్ని గడులు, చీమల బారులా అంకెలు. పావుగంట చదివాను. అంతా అయ్యాక వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "మాస్టారూ, మనం ఫీజు కట్టిన పిల్లల్లో బడి మానేసినవాళ్లు ఎంతమంది?" అని అడిగారు. ఆ అంకె పట్టిక చివరి గడిలో ఉంది. నేను చదవకుండా దాటేశాను. దాతలు నొచ్చుకుంటారేమోనని కావాలనే దాటేశాను.

ఆ తర్వాత నేను నేర్చుకున్న నాలుగు మాటలు మీ ముందుంచుతాను.

మొదటిది, శాతాలకన్నా మనుషులు త్వరగా అర్థమవుతారు. జకాత్ రెండున్నర శాతం అంటే చదువురాని నానీమా ఆలోచనలో పడుతుంది. నలభై రూపాయలకు ఒక రూపాయి అంటే వెంటనే వేళ్లమీద లెక్కపెట్టేస్తుంది.

రెండోది, ఒక బొమ్మ ఒకే మాట చెప్పాలి. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవచేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో ఒక చిత్రపటం ప్రచురించారు. నెలకొక రేకు చొప్పున, పువ్వులా ఉంటుంది. నివారించదగిన రోగాలతో పోయినవారికి నీలం, గాయాలతో పోయినవారికి ఎరుపు, మిగతా కారణాలకు నలుపు. చూడగానే నీలమే కళ్లకు కడుతుంది. శత్రువు తూటాలకన్నా రోగాలే ఎక్కువమందిని చంపాయని పేజీలకొద్దీ చదవకుండానే తెలిసిపోతుంది.

మూడోది, కొలబద్ద సున్నా నుంచి మొదలవ్వాలి. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో 2001 జనాభా లెక్కల వివరాలున్నాయి. ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు దాదాపు 65. ఈ రెంటికీ పట్టీలు గీసేటప్పుడు అడుగుగీతను 55 దగ్గర పెట్టామనుకోండి. మన పట్టీ దేశం పట్టీలో సగం కూడా ఉండదు. చూసినవారికి గుండె తరుక్కుపోతుంది, చందా కూడా రావచ్చు. కానీ అది అబద్ధపు బొమ్మ. సున్నా నుంచి గీసి, "2001లో దేశంలో వందకు 65 మంది చదవగలిగితే మనలో 59 మందే చదవగలిగేవారు" అంటే చాలు. ఆ ఆరుగురి తేడా చిన్నదేం కాదు. దాన్ని పెంచి చూపనక్కరలేదు.

నాలుగోది, అన్నిటికన్నా కష్టమైనది. నచ్చని అంకెను దాచకూడదు. ఉదాహరణకు 40 మంది పిల్లలకు ఫీజు కట్టామనుకుందాం. 31 మంది పాసయ్యారు, 5గురు తప్పారు, 4గురు బడి మానేశారు. 31 మంది ఫొటోలు వేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు. కానీ వచ్చే ఏడాది మన పని ఎక్కడుందో చెప్పేది ఆ నలుగురే. బస్సు చార్జీలు లేక మానేశారా, పెళ్లి చేసేశారా, పనిలో పెట్టారా? అది తెలిస్తేనే తర్వాతి రూపాయి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

అందుకే కార్యవర్గానికి నా మనవి. ఈ ఏడు నివేదిక ఒక్క పేజీలో ఉండాలి. ఎంత వచ్చింది, ఎంతమందికి చేరింది, ఎంతమందిని నిలబెట్టలేకపోయాం, ఎందుకు. ఈ నాలుగూ పెద్ద అక్షరాల్లో, వెనక వరుసవారికి కూడా కనబడాలి.

దాతలకు కూడా ఒక మనవి. ఆ పెద్దాయనలా లేచి అడగండి. మీరిచ్చిన డబ్బు మా దగ్గర అమానత్. దాని లెక్క మీకు అర్థమయ్యేలా చెప్పడం కూడా ఆ అమానత్‌లో భాగమే.